పాచికి పెట్టిన దీపం

గుణదల కొండకు ఆ పక్కనా ఈ పక్కనా అంతోని అంత నిబ్బరమైన కుర్రాడు పుట్టలేదు. ఈర్ష్య అనేది అతని ఒంట్లో దీపం పెట్టి వెతికినా దొరకదు. ఎదుటివాడు గుర్రమెక్కితే కళ్ళెం పట్టుకుని నవ్వే రకం. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

అంటే, అమల షాపులోకి రానంతవరకూ.

డెబ్బయిల నాటి సంగతి. అంతోని గవర్నర్‌పేటలో ఒక ఎలక్ట్రికల్ షాపులో పనిచేసేవాడు. సామాను అమ్మడం, ఇళ్ళకు వెళ్ళి బిగించి రావడం అతని పని. ఒక సాయంత్రం వాన తుంపరలో, కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని అమల వచ్చింది. పొట్టి ట్యూబ్‌లైట్లు రెండు కావాలంది.

"ఏ గదికండీ?"

"గదికి కాదు. పాచికి."

అంతోనికి నవ్వాగలేదు. "మా ఇంట్లో పాచి పడితే గీకి పారేస్తామండీ. మీరు దీపం పెడతారా?"

"నవ్వండి. సంజీవరావు గారు చెప్పినప్పుడు మేమూ నవ్వాం. ఆయన విడమరిచి చెప్పాక నోరు మూసుకున్నాం."

ఆ 'సంజీవరావు గారు' అనడంలో ఉన్న గౌరవం అంతోని గుండెలో ముల్లులా దిగింది. పైన నేను కొట్టిన డప్పు అంతటితో సరి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ క్షణం నుంచి అంతోని మనిషి కాడు, కుంపటి.

మర్నాడు లైట్లు బిగించడానికి గుణదల వెళ్ళాడు. అమల నాన్న శౌరయ్య రైల్వే గార్డుగా చేసి రిటైరయినవాడు. వీధి కిటికీ పక్కనే ఆయన ముచ్చటపడి పెట్టుకున్న గాజు తొట్టి. అందులో చేపలున్నాయంటే నమ్మాలి తప్ప కనపడవు. నీళ్ళు గోంగూర ఉడికించినట్టున్నాయి. ఎండ తగిలి పాచి పడుతోంది, తొట్టిని లోపలి గదిలోకి మార్చమని అందరూ చెప్పారట. అమల మాత్రం ససేమిరా అందట.

అప్పుడు కాలేజీలో జువాలజీ చెప్పే సంజీవరావు ఈ ఉపాయం చెప్పాడు. పాచిని చంపడం మన వల్ల కాదు, దానికి ఇంతకన్నా మంచి చోటు చూపిద్దాం అన్నాడు. తొట్టి మీద ఒక పెట్టె పెట్టి, అందులో గరుకు నైలాను వల ముక్క నిలువుగా వేలాడదీయాలి. చిన్న మోటారు నీళ్ళను పైకి తోడితే, అవి చిల్లుల గొట్టంలోంచి వల మీద పల్చగా జారాలి. వలకు రెండు వైపులా జానెడు దూరంలో లైట్లు వెలగాలి. పాచి తొట్టిని వదిలి వల మీద చేరుతుంది. వారం వారం గీకి పారేస్తే నీళ్ళు తేటపడతాయి. రాత్రి మాత్రం లైటు ఆపాలి, పాచికీ నిద్ర కావాలి.

వల ఎంత ఉండాలన్నది నీళ్ళను బట్టి కాదు, వేసే మేతను బట్టి ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. పొద్దున ఒక్క చిటికెడు వేస్తానన్నాడు శౌరయ్య. అయితే అరచేయంత వల చాలు అన్నాడు సంజీవరావు.

అంతోని బిగించడం అయిపోతుండగా అమల అమ్మ తెరేసమ్మ కాఫీ తెచ్చింది. కొండ మీద తిరునాళ్ళు అయిపోగానే సంజీవరావు తల్లి అమలను చూడడానికి వస్తోందని సంబరంగా చెప్పింది. అంతోని కాఫీ గ్లాసు అలాగే కింద పెట్టేశాడు.

ఇక అప్పట్నుంచి షాపులో ఏ పని చెప్పినా అతని దారి గుణదల మీదుగానే. పటమటలో ఫ్యాను బిగించాలన్నా సైకిలు ఆ వీధి చుట్టి వెళ్ళాల్సిందే. గోడ పక్కన ఏ స్కూటరు కనపడినా అది సంజీవరావుదే. ఒకసారి ఎదురింటి కాంపౌండరు స్కూటరు చూసి రాత్రి అన్నం మానేశాడు.

ఇంతలో వల మీద పాచి జడలు కట్టింది. ఎంతగా అంటే, అమల గీకి కిటికీ గట్టున పెడితే పక్కింటి గేదె మెడ చాచి మేసి, ఇంకా ఉందా అన్నట్టు నిలబడేది. తొట్టిలో నీళ్ళు మాత్రం పచ్చగా అలాగే ఉన్నాయి. లైట్లు నాసిరకానివి అయి ఉంటాయని శౌరయ్య అంతోనికి కబురుపెట్టాడు.

సాయంత్రం వచ్చి అంతోని వల ఎత్తి చూశాడు. ఇంట్లో ఇంకా దీపాలు పెట్టలేదు. ఆ రెండు లైట్ల వెలుతురే.

"లైటుకేం లేదండీ. ఎవరో గుప్పిళ్ళతో మేత పోస్తున్నారు. వల చాలడం లేదు."

తాను చిటికెడుకు మించి వేస్తే ఒట్టని చెప్పి శౌరయ్య వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. అమల తల దించుకుంది. అది చూసి కుంపటి రాజుకుంది.

"సంజీవరావు గారి చేత వేయిస్తున్నారేమో. రోజూ వస్తారుగా."

"ఆయన మా ఇంటికొచ్చింది రెండే సార్లు. మేత వేసేది నేను."

"చేపలంటే అంత ప్రేమ కాబోలు."

"కిటికీ దగ్గర ఊరికే నిలబడితే అమ్మ ఎందుకని అడుగుతుంది. మేత వేస్తున్నానంటే అడగదు."

అంతోనికి ఇంకా బుద్ధి రాలేదు. "ఏ స్కూటరు కోసమో?"

"స్కూటరయితే లోపలికే వినపడుతుంది. మీ సైకిలుకి బెల్లు కూడా లేదాయె. నిలబడి చూడకపోతే ఎలా తెలుస్తుంది, మీరు వెళ్ళింది?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. వల మీద నీళ్ళు జారుతున్న చప్పుడు ఒక్కటే.

వరండాలోంచి శౌరయ్య గొంతు వినిపించింది. "అబ్బాయ్, ఆ వల ఎంత ఉండాలంటావు?"

అంతోని చీకట్లోనే వరండా వైపు తిరిగాడు. "నేను ఈ వీధిన తిరగడం మానేస్తే అరచేయంత చాలండి."

"మానకపోతే?"

"చాపంత కావాలండి."

శౌరయ్య తేల్చేశాడు. "చాపంత వల నా తొట్టికి పట్టదు. ఆదివారం చర్చిలో పూజయ్యాక మీ అమ్మను తీసుకుని తిన్నగా లోపలికే రా. మా పిల్లకు కిటికీ దగ్గర పని తప్పుతుంది. నా చేపలు బతుకుతాయి."

శౌరయ్య తనే వెళ్ళి సంజీవరావుకు సంగతంతా చెప్పాడు. లోపల ఏమనుకున్నాడో గాని, పైకి మాత్రం అతను "అయితే నా లెక్క తప్పలేదన్నమాట" అన్నాడట. పెళ్ళికి కూడా వచ్చాడు. తేటపడ్డ తొట్టి ముందు నిలబడి అమలతో రెండు మాటలు మాట్లాడితే, పూలదండతో ఉన్న పెళ్ళికొడుకు మళ్ళీ పొగలు కక్కాడు.

గేదె సంగతి మీరు నమ్మలేదు కదూ? అది నిజం. ఇందులో నేను కల్పించింది కరెంటు పోవడం ఒక్కటే. కరెంటు పోతే మోటారు ఎలా తిరిగిందయ్యా అని మీలో ఒక్కరైనా అడగాల్సింది. లైటు స్విచ్చి అమల చేతి పక్కనే ఉంది.