పసుపన్నం కొన

సేఫ్టీ ఇంజనీర్ శవం పాత చమురుబావి పక్క గుంటలో దొరికింది. ఒంటి మీద గాయం లేదు.

"హత్యే," అన్నాడు నిఘా విభాగం చీఫ్ హర్యాది. "గుంటలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలారు. వాసన ఉండదు. గాలికన్నా బరువు. కిందే పేరుకుంటుంది."

ఎదురుగా ఏజెంట్ జత్మికో నిలబడి ఉన్నాడు.

"రేపు పదకొండుకి కొత్త బావి ప్రారంభం. ఫ్యాక్టరీ పొగలోంచి పట్టిన ఆ వాయువును, చమురు అయిపోయిన పొరల్లోకి దించి పూడ్చేస్తాం. పక్క దేశాలు కూడా మనకే కాంట్రాక్టు ఇస్తున్నాయి. ఒక విదేశీ ముఠాకి అది గిట్టడం లేదు. వలసపాలనలో డచ్చివాళ్ళు తవ్వి వదిలేసిన బావుల్లో ఒకదానికి రిమోట్ వాల్వ్ బిగించారు. అది పసిగట్టాడనే ఇంజనీర్ని చంపారు. శవం దొరికిన బావిలో అది లేదు, మరి ఏ బావో తెలీదు. పంపు నడుస్తుండగా అది తెరిస్తే..."

"కెడుంగ్‌వాలు," అన్నాడు జత్మికో. ఆ ఊరు కొండల మధ్య పళ్ళెంలా ఉంటుంది. మూడువందల గడప.

"రిమోట్ ఎవరి దగ్గరుందో పట్టుకో. కన్సల్టెంట్ వాన్ రీస్ మీద అనుమానం. మన రారస్ అతనితో స్నేహం చేస్తోంది."

"ఎంత స్నేహం, బపాక్?" పై అధికారిని అక్కడ అలాగే పిలుస్తారు.

"డ్యూటీకి ఎంత కావాలో అంత."

ఏజెంట్ రారస్ మూడేళ్ళు జత్మికోతో ఉంది. పెళ్ళి మాటెత్తగానే బదిలీ చేయించుకుంది.

మర్నాడు ప్రారంభోత్సవంలో జత్మికో వంటవాడి వేషంలో వడ్డిస్తున్నాడు. గేటు దగ్గర ఏజెంట్లని తప్ప అందర్నీ సోదా చేశారు. చొక్కా గుండీలో కెమెరా. అది సగం సేపు రారస్ పచ్చ పట్టు రవిక వైపే తిరిగి ఉంది. వాన్ రీస్ ఏదో అన్నాడు. ఆమె పగలబడి నవ్వింది.

పళ్ళెం అందుకునే నెపంతో దగ్గరికొచ్చి, "గుడ్లప్పగించి చూడకు, మస్. వడ్డించు," అంది. 'బావా' అన్నంత చనువైన ఆ పాత పిలుపు ఆమె మానలేదు.

"అతని చెయ్యి నీ నడుం మీదుంది."

"డ్యూటీ."

"నవ్వు కూడానా?"

ఆమె పళ్ళెంతో వెనక్కి తిరిగింది.

కంపెనీ డైరెక్టర్ మీట నొక్కాడు. పంపు కదిలింది. ప్రెషర్ ముల్లు లేచింది. గోపురంలా పేర్చిన పసుపన్నం కొనను, ఆతిథ్యం చూస్తున్న రారస్ కోసింది. ఆనవాయితీ ప్రకారం అది సభలో పెద్దమనిషికి దక్కాలి. డైరెక్టర్ చెయ్యి చాచాడు. ఆమె అతన్ని దాటింది. వాన్ రీస్‌నీ దాటింది. చివరి బెంచీ మీద కూర్చున్న తుగిమిన్‌కి, పాత బావిలోంచి తాడుతో చమురు తోడే కూలీకి, అరిటాకులో పెట్టి రెండు చేతులా అందించింది.

జనం చప్పట్లు కొట్టారు. "శ్రమజీవికి గౌరవం," అంటూ డైరెక్టర్ చాచిన చేత్తో తల నిమురుకున్నాడు.

జత్మికో వడ్డన ఆపేశాడు. వాన్ రీస్ అయితే డ్యూటీ. మరి వీడెవడు? మూడేళ్ళలో తనకు ఒక్కసారైనా అలా ఇచ్చిందా?

తుగిమిన్ తినలేదు. పొట్లం పట్టుకుని కొండ వెనక్కి నడిచాడు. జత్మికో గరిటె పడేసి వెంటపడ్డాడు. వాన్ రీస్‌ను గాలికొదిలేశాడు.

పదిహేడో నంబరు బావి. తుగిమిన్ అన్నం ముద్ద చిదిమాడు. లోపల లైటరంత రిమోట్. బొటనవేలు మీట మీదికి వెళ్ళింది. జత్మికో పిడికిలి ముందుగా దవడ మీద పడింది.

గంట తర్వాత రారస్ సంకెళ్ళతో జీపులో కూర్చుంది.

"వాడు నాకేమీ కాడు, మస్. ముఠా మనిషి, అంతే."

ఊరిని చంపబోయిన మనిషి నోట ఆ మాట విని అతని మనసు తేలికపడింది. అందుకు తన్ను తాను క్షమించుకోలేదు.

"వాన్ రీస్?"

"పాపం, నిజంగానే కన్సల్టెంట్."

"మరి ఆ నవ్వు?"

"అదొక్కటే నిజం."

జీపు కదిలింది.

సాయంత్రం హర్యాది ఫైలు తెరిచాడు. "తుగిమిన్ మీద అనుమానం ఎలా వచ్చిందోయ్? రాయాలి."

"అనుమానం రాలేదు, బపాక్. వాణ్ణి తన్నడానికి వెళ్ళాను."