ఇద్దరూ ఒక్కరేనా?

మీ ఇంట్లో పోయినవాళ్ల వీడియోలు ఎక్కడ దాచారు? పాత ఫోన్లలోనా, అలమరలో పడేసిన పెన్‌డ్రైవుల్లోనా? సరే, వాళ్లను మళ్లీ ఇంట్లోకి పిలిచేముందు, ఇంట్లో బతికున్నవాళ్లను ఒక్కమాట అడిగారా?

మా అక్క కల్పలత పోయి రెండేళ్లు. నాలుగు రోజుల జ్వరం, అంతే. వానలోనే పూడ్చిపెట్టాం. సీతాఫల్‌మండిలో రెండు గదుల ఇంట్లో ఇక అమ్మ, నేను. నా పేరు భవాని. అక్క పోయినప్పటి నుంచి అమ్మ నా మొహం సరిగ్గా చూసింది లేదు. ఆరు ఫోన్లలో చెల్లాచెదురుగా ఉన్న అక్క వీడియోలను టీవీలో పెద్దగా చూడాలని ఒకటే పట్టు. అదొక్కటి చేసిపెడితే నావైపూ చూస్తుందని నా ఆశ.

కంప్యూటర్లు బాగుచేసే హరికిషన్ మామతో వారం రోజులు వాదన.

"ఆన్‌లైన్ల పెట్టుకోరాదే, తక్లీఫ్ లేకుంట?"

"మా అక్క నవ్వు ఎవడో కంపెనీవాడి దగ్గరెందుకు మామా? వీడియోలు దాచే డబ్బా తెస్త, మా ఇంట్లనే ఉంటది."

రెండు డిస్కుల డబ్బా తెచ్చాను. ఒకదాంట్లో రాసింది ఆ క్షణమే రెండోదాంట్లోనూ రాసుకునేలా పెట్టాను. ఒకటి చచ్చినా ఇంకోటి బతికుంటుంది కదా!

"గట్ల రాసుడు బ్యాకప్ కాదు బిడ్డా. తప్పు పడితే రెండిట్ల అదే తప్పు పడతది. ఇంకో కాపీ నా దగ్గర పెట్టు."

"నీ దగ్గర పెడితే దాని మీద నీ పెండ్లి వీడియో ఎక్కిస్తవ్!"

మామ నవ్వేశాడు. నేను గెలిచాను. ఆ గెలుపు మత్తులో వీడియోలన్నీ డబ్బాలోకి ఎక్కించి, ఆ పాత ఫోన్లన్నీ తుడిచేసి అమ్మేశాను కూడా.

ఆదివారం మధ్యాహ్నం. బయట ముసురు. టీవీ బాగా కనపడాలని పరదాలు లాగేశాం. చీకట్లో టీవీ కింద డబ్బా సన్నగా గీరుతోంది. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. అందులోనే ఎక్కడో ఆసుపత్రి వాసన.

ఆ డబ్బా మొహాలను గుర్తుపట్టి, ఒక్కొక్కరి వీడియోలను ఒకచోట చేరుస్తుంది. అనుమానం వస్తే మనల్నే అడుగుతుంది. తెర మీద ఎడమవైపు అక్క, కుడివైపు నేను. కింద ప్రశ్న: ఇద్దరూ ఒక్కరేనా?

ఏడాది తేడా, ఒకే ముక్కు. యంత్రం తప్పు కాదు.

"అమ్మా, కాదు అని నొక్కు. జెర చూసి నొక్కు" అని రిమోట్ చేతికిచ్చి, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

చాయ్ రెండుసార్లు పొంగింది. తర్వాత... రిమోట్ టిక్కుమంది.

చాయ్ తెచ్చేసరికి తెర మీద నా కాలేజీ పోటీ. నాకు కప్పు ఇచ్చిన రోజు, పోయినేడాది. కప్పు అందుకుంటున్నది అక్క. మాట్లాడుతున్నది నా గొంతు.

"అమ్మా... ఏం నొక్కినవ్?"

"అవును అని."

"తెల్వక నొక్కినవా?"

"తెలిసే నొక్కిన. నాకు ఒక్కతే సాలు."

డబ్బాలో నా పేరు వెతికాను. లేదు. ఒక డిస్కు పీకేశాను. రెండోదాంట్లో అదే అక్క. అదే కప్పు. అక్క మాట ఆపింది. తల తిప్పింది. నా చేతిలోని గ్లాసు వైపు చూసింది.

అమ్మ ఆ గ్లాసు అందుకుంది. రెండేళ్లలో మొదటిసారి నా మొహంలోకి చూసింది. ఎంత ప్రేమగానో!

"లతా, చక్కెర తక్కువైంది బిడ్డా."

మామకు ఫోన్ చేశాను. "మామా... నేను, భవానిని."

అవతల మామ గుసగుస.

"గిట్ల పరేషాన్ చెయ్యకు లతా. భవాని పోయి రెండేండ్లాయె."

మీలో నాతో చదువుకున్నవాళ్లున్నారు. మీ ఫోన్లో నేనున్న ఫొటో ఒక్కటైనా ఉంటుంది. తెరవండి. ఇప్పుడే. అందులో నా భుజం మీద ఒక చెయ్యి కనిపిస్తుంది. నాకు దొరికిన ప్రతి ఫొటోలోనూ ఉంది... గోళ్ల నిండా తడి మట్టి. అది ఎవరిదని అడగకండి. దాని వైపు చూడకండి. నా మొహం మాత్రం చూసి, నా పేరు పైకి చెప్పండి.

ఒక్కరైనా. గట్టిగా.