చప్పట్ల మధ్య ఒక చావు

కోమల వచ్చేసరికి తోర్వా పేటలోని ఆ చిన్న డిటెక్టివ్ ఆఫీసు ముందుగదిలో అసిస్టెంటు సౌమ్య ఒక్కతే ఉంది. కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు. భర్త నాగేంద్రను పోలీసులు రోజూ పిలుస్తున్నారు. ఈసారి ఇంటికి పంపరేమోనని భయం. సౌమ్య లోపలి గదిలోంచి డిటెక్టివ్ మాధవీలతను పిలుచుకొచ్చింది. మాధవీలత ముందు మంచినీళ్ళు ఇప్పించి, తర్వాత జరిగింది చెప్పమంది.

సంగతి ఊరంతటికీ తెలిసిందే. ఊళ్ళోనే వ్యాపార్ విహార్‌లో ఒక ప్రైవేటు సిటీ బస్సుల కంపెనీకి డిపో ఉంది. బస్సులో మంటలు లేస్తే ప్రయాణికులు ఎలా బయటపడాలో చూపించడానికి అక్కడ మాక్ డ్రిల్ పెట్టారు. చీకట్లో ప్రమాదంలా ఉండాలని ఎరుపు రంగు బస్సు అద్దాలకు నల్లకాగితం అంటించారు. తోర్వా నుంచి కొందరు పెద్దవాళ్ళు ప్రయాణికులుగా ఎక్కారు. ముందు తలుపు దగ్గర మంట ఉన్నట్టు లెక్క కాబట్టి దాన్ని బయటినుంచి మూసేశారు. లోపల పొగ వదిలి, భద్రతా సూపర్‌వైజర్ నాగేంద్ర విజిల్ వేశాడు. అందరూ వెనక కుడివైపున్న అత్యవసర తలుపులోంచి దిగాలి.

ఆ తలుపు తెరుచుకోలేదు. లోపలి అరుపులు నటన అనుకుని అతిథులు చప్పట్లు కొట్టారు. రైల్వేలో గార్డుగా రిటైరైన సత్యనారాయణ మోచేత్తో ఎడమవైపు అద్దం పగలగొట్టి, ఒక్కొక్కరినే బయటికి తోశాడు. తను మాత్రం ఆ పొగలోనే ఉండిపోయాడు.

గడియ బిగుసుకుపోయిందనీ, నాగేంద్ర దాన్ని చూసుకోలేదనీ కంపెనీ చెప్పింది.

"ఆ పొద్దున్నే గ్రీజు పెట్టి, తీసి మూసి చూశారమ్మా. తర్వాత చొక్కా ఉతుకుతుంటే నా చేతులకంతా గ్రీజే" అంది కోమల. "మరేటైందని అడిగితే మాటాడరు. నాతో కూడా."

ఆ ఆఖరి మాట దగ్గర మాధవీలత తలెత్తి చూసింది. సౌమ్యకు అందులో వింతేమీ కనిపించలేదు.

డిపోలో బస్సు ఆవరణ మధ్యలో నిలబడి ఉంది. మాధవీలత అత్యవసర తలుపు గడియ తిప్పింది. తేలిగ్గా వచ్చేసింది. తలుపు బయటి అంచును వేలితో రాసి సౌమ్యకు చూపించింది. వేలికి సున్నం అంటింది. ఆవరణంతా చూస్తే వెల్లవేసింది వెనక ప్రహరీగోడ ఒక్కటే. అక్కడికెళ్ళి చూశారు. గోడ మీద ఛాతీ ఎత్తులో ఎర్రటి గీతలు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. సౌమ్య వాటిని వేలితో తడిమి చూసింది. ఎవరితోనూ అనవద్దని మాధవీలత కళ్ళతోనే చెప్పింది.

మేనేజరు శేషగిరిరావు మర్యాదగానే మాట్లాడాడు. అరుపులు విని ముందుగా పరుగెత్తింది తనేనన్నాడు.

"ఆ తలుపు ఎదుట నిలబడి రెండు చేతులా లాగానండి. కదిలితేనా."

డ్రైవరు మనీష్ మాత్రం, బస్సు సంగతి అడిగితే, తాళాలు ఆఫీసులోనే ఉంటాయంటూ నేలచూపులు చూశాడు.

సత్యనారాయణ భార్య లక్ష్మీనరసమ్మ కూడా ఆ రోజు బస్సులో ఉంది. మాధవీలత, సౌమ్య ఆవిడ ఇంటికెళ్ళారు. ఏమీ అడక్కముందే ఆవిడ అంది.

"మేం ఎక్కి కూర్చున్నాక బండి కాస్త కదిలిందమ్మా. గార్డు విజిల్ లేకుండా బండి కదిలిందేటని ఆయన నవ్వారు."

మర్నాడు మాధవీలత అందరినీ డిపోకు పిలిపించింది. కోమల, నాగేంద్ర పక్కపక్కన నిలబడ్డారు. లక్ష్మీనరసమ్మను సౌమ్య చెయ్యిపట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. బస్సును డ్రిల్ రోజు ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడే ఆపమని మాధవీలత మనీష్‌తో అంది. అతను మేనేజరు వైపు చూశాడు. ఆయన ముఖం తిప్పుకున్నాడు. మనీష్ బండి ఎక్కి, దాన్ని ప్రహరీగోడకు ఆనించి ఆపాడు.

"శేషగిరిరావు గారూ, ఆ తలుపు ఎదుట నిలబడి ఎలా లాగారో చూపించండి."

గోడకీ బస్సుకీ మధ్య చెయ్యి దూర్చే సందు కూడా లేదు. ఆయన కదల్లేదు.

"గడియ బాగానే ఉంది. లోపలివాళ్ళు తోసినప్పుడల్లా తలుపు కాస్త తెరుచుకుని గోడకు కొట్టుకుంది. తలుపు అంచుకు సున్నం, గోడకు ఎరుపు అందుకే అంటుకున్నాయి. మీరు అక్కడ నిలబడ్డానని చెప్పింది అబద్ధం. బస్సు గోడ దగ్గర ఉన్న సంగతి దాచాలనుకున్న మనిషికే ఆ అబద్ధంతో పని."

మనీష్ ఇంక ఆగలేకపోయాడు. "సాబ్ చెప్పారు మేడమ్. ముఖ్య అతిథి ముందే వచ్చేశారు. కుర్చీలకి నీడ లేదు. చెట్టుకింద బస్సు ఉంది కదా, దాన్ని తీసి గోడకి పెట్టమన్నారు. తర్వాత పోలీసులు వచ్చేలోపు మళ్ళీ మధ్యలోకి తెమ్మన్నారు."

నీడ కోసం. సౌమ్య లక్ష్మీనరసమ్మ వైపు చూడలేకపోయింది.

కోమల భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. తమ కష్టం గట్టెక్కిందనుకుంది. మాధవీలత మాట ఇంకా అయిపోలేదు.

"నాగేంద్రగారూ, బస్సు గోడకు ఆని ఉందని ఒక్క మాట అంటే ఈ నింద మీమీద ఉండేది కాదు. భార్యతో కూడా అనలేదు. ఎందుకని?"

జవాబు మాధవీలతే చెప్పింది.

"అంటే, చూసి కూడా విజిల్ ఎందుకు వేశావని అడుగుతారు. విజిల్ వేసేవాడు ముందు బస్సు చుట్టూ తిరిగి చూడాలన్న నియమం పెట్టింది మీరే కదా?"

"చూశాను" అన్నాడు నాగేంద్ర. "అతిథికి టైము లేదన్నారు. సార్ తలూపారు. నిజం మంట కాదు గదా, డ్రిల్లే గదా అనుకున్నాను."

కోమల అతని చెయ్యి వదిలేసింది. ఈ రెండు సంగతులూ పోలీసులకు చెప్పక తప్పదని మాధవీలత నెమ్మదిగా అంది. కోమల తలూపింది. లక్ష్మీనరసమ్మ దగ్గరకు రెండడుగులు వేసి ఆగిపోయింది. లక్ష్మీనరసమ్మ ఎవరి వైపూ చూడలేదు.

"పదండి" అంది కోమల భర్తతో. "ఎవరో చెప్పేదాకా ఏటి? మీరే చెప్పండి. స్టేషనుకి నేనూ వస్తాను."

ప్రతి కేసు చివరా మేడమ్‌ని మెచ్చుకోవడం సౌమ్యకు అలవాటు. ఆ రోజు ఆ అలవాటు తప్పింది. ముందు కోమల, వెనక నాగేంద్ర గేటు దాటి ఎండలోకి వెళ్ళిపోవడం చూస్తూ నిలబడింది.