దిగులాకలి

విశాఖ రేవులో మనుషులు క్రేన్ ఎక్కడం మానేసి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు కొండ మీద చల్లని గదిలో కూర్చుని, తెర చూస్తూ, కింద ఓడల దగ్గరి క్రేన్లను నడుపుతారు. అక్కడ పనిచేసే ప్రతివారికీ మణికట్టు చర్మం కింద బియ్యపుగింజంత సెన్సర్ ఉంటుంది. దాన్ని ఆకలిదీపం అంటారు. కడుపు నిజంగా అన్నం అడిగితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. పని ఒత్తిడికి రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి, నాలుక మిఠాయికో బజ్జీకో లాగితే ఎర్రగా వెలుగుతుంది. ఈ రెండో ఆకలికి దిగులాకలి అని పేరు పెట్టింది, దీపాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త వారిజ. ఎర్రదీపం ఉన్నవారికి క్యాంటీన్ యంత్రం ప్లేటు ఇవ్వదు. మధుమేహాన్ని రాకముందే ఆపడానికి ఇంతకంటే మంచి దారి లేదని ఆమె నమ్మింది.

క్రేన్ నడిపే సింహాద్రి విషయంలో అది పనిచేయలేదు. యంత్రం అతనికి ఏమీ ఇవ్వకపోయినా షుగర్ పెరుగుతూనే ఉంది. వచ్చే పరీక్షలో హద్దు దాటితే క్రేన్ కుర్చీలోంచి తీసేస్తారు. వారిజ స్వయంగా వచ్చి క్యాంటీన్‌లో కూర్చుంది. ప్లేటు దొరికిన ప్రతివాళ్లూ తమ పూరీలో సగం తుంచి సింహాద్రికి పెడుతున్నారు.

"మీరే అతని ప్రాణం మీదికి తెస్తున్నారు," అంది వారిజ.

"ఎలాగమ్మా మరి? ఎదర మనిషి కాళీగా కూకుంటే మన గొంతులోకి ముద్ద దిగుద్దేటి?" అంది అతని పక్క కుర్చీలో క్రేన్ నడిపే పైడితల్లి.

వారిజ నచ్చజెప్పింది. మర్నాటి నుంచి అందరూ గోడవైపు తిరిగి తినసాగారు. సింహాద్రి నడిమి బల్ల దగ్గర ఒక్కడే కూర్చునేవాడు. వారం గడిచాక చూస్తే షుగర్ ఇంకా పెరిగింది.

"ఇక్కడ ఏమీ తినకుండా ఎలా పెరిగింది?" వారిజ, దీపాల లెక్కలు చూసే క్యాంటీన్ యంత్రాన్ని అడిగింది.

"కార్టిసాల్ ఎక్కువైతే కాలేయమే రక్తంలోకి గ్లూకోజ్ వదులుతుంది. ఎవరైనా ఎదురుగా కూర్చున్నప్పుడు ఇతని కార్టిసాల్ తగ్గేది. పూరీ పెట్టకముందే తగ్గేది."

వారిజ ఆ సంగతి పైడితల్లికి చెప్పింది. "ఏమీ పెట్టకండి. ఊరికే కూర్చోండి."

"ఉత్త సేతుల్తో కూకుని ఏటి మాటాడతాను డాట్రమ్మా? తినరా అంటే ఒక మాట. ఇంకేటనాలి?" పైడితల్లి నిజంగానే భయపడింది.

అయినా వెళ్లి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల తుడిచింది.

"తమ్ముడూ, మస్తాన్‌ని బదిలీ సేసేసి ఆడి క్రేన్లు మనిద్దరికీ పంచీసారు గదా. ఎలాగ నెట్టుకొస్తన్నావు?"

సింహాద్రి నవ్వబోయి మానుకున్నాడు. "ఆడు ఎల్లొస్తానని కూడా సెప్పనేదక్కా. మొన్న ఒక పెట్టె జారింది. కింద మనిషున్నాడు. జానెడులో తప్పింది. కళ్లు మూస్తే అదే. ఎవులికీ సెప్పనేదు."

చెబుతూ ఉండగానే అతని మణికట్టు మీది ఎరుపు మెల్లగా ఆరిపోయింది. దూరం నుంచి చూస్తున్న వారిజ ఊపిరి పీల్చుకుంది. అంతలో పైడితల్లి చేయి కనిపించింది. అది ఎర్రగా వెలుగుతోంది. ఆమె నడిపే క్రేన్ల కింద కూడా రోజూ మనుషులు తిరుగుతారు.

"ఇదేటి, నాకెక్కింది?" అంటూ పైడితల్లి మణికట్టు కొంగుతో కప్పుకుంది.

వారిజ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. ఏమనాలో తోచలేదు. సంచిలోని బిస్కెట్ల పొట్లం వైపు చేయి దానంతటదే వెళ్లింది.