వెనక్కి తిరిగి కూర్చున్నవాడు

బెజవాడ వెళ్ళొచ్చిన కొడుకు నోరు విప్పకుండా కాఫీ తాగుతుంటే జోజమ్మకు ఒళ్ళు మండిపోయింది. తిరువూరుకి బెజవాడ ఎంత దూరం గనక? నిన్న పొద్దున బస్సెక్కి పొద్దుగూకేసరికి వచ్చేశాడు. వచ్చినవాడు అన్నం కెలికి లేచాడు, పడుకున్నాడు, లేచి మొహం కడుక్కున్నాడు, ఇప్పుడు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె వసారాలో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తుంచుతూ, ఒక కన్ను కొడుకు మీదే వేసి ఉంచింది.

అసలు ఆ ప్రయాణమే ఆమెకు ఇష్టం లేదు. భర్త రాయప్ప పోయి వచ్చే వారానికి ఏడాది. సమాధి మీద మంచి రాయి వేయించాలని, ఆయన పెద్ద యుద్ధంలో బర్మా వెళ్ళి బాంబర్ విమానంలో పనిచేసిన సంగతి దాని మీద చెక్కించాలని కొడుకు కృపానందం పట్టుబట్టాడు. వాడు బడిపంతులు, సరిచూసుకోనిదే ఒక్క ముక్క రాయడు. తండ్రి ఏ దళంలో ఉన్నాడో, ఎక్కడెక్కడ ఎగిరాడో చెప్పమని ఢిల్లీకి రాస్తే జవాబు లేదు. ఆయనతో కలిసి పనిచేసిన శౌరయ్య బెజవాడలో ఉంటున్నాడని గుణదల మేరీమాత తిరునాళ్ళలో ఎవరో చెబితే, సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. పేరు చెక్కిస్తే చాలదట్రా, బర్మా సంగతులు మనకెందుకని జోజమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు.

చెప్పుకునేదైతే కదా. నలభై ఆరులో తిరిగొచ్చిన రాయప్ప, ఆ మొదటి ఆదివారం నుంచి చచ్చిపోయేదాకా పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే అప్పం, సత్ప్రసాదం, పుచ్చుకోలేదు. గుడి మానేవాడు కాదు. అందరికంటే ముందు వెళ్ళి వెనక గోడ దగ్గర నిలబడేవాడు. పూజలో ఊరంతా లేచి సత్ప్రసాదానికి వెళ్తుంటే తాను మాత్రం తల దించుకుని అక్కడే ఉండిపోయేవాడు. పాపం ఒప్పుకుని, దాన్ని వదులుకుని, ఫాదర్ దగ్గర క్షమాపణ పొందనిదే సత్ప్రసాదం ముట్టకూడదు. కతోలికుడు అలా ఉండిపోయాడంటే ఊరికి అర్థమయ్యేది ఒక్కటే: ఎక్కడో ఒక ఆడది ఉంది, ఆమెను వదులుకోవడం ఇతగాడి వల్ల కావడం లేదు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న జోజమ్మ వీపు మీద ఎన్ని కళ్ళు పడేవో ఆమెకే తెలుసు. బర్మాలో పెళ్ళాముందట, పిల్ల కూడానట అని తోడికోడలు మొహం మీదే అన్నది. జోజమ్మ నమ్మింది. కాపురమైతే చేసింది గానీ, కొడుకు పుట్టాక మంచం వేరు చేసింది. ఆ తర్వాత ఆయన ముందు ఆమె నవ్విన జ్ఞాపకం ఎవరికీ లేదు.

చివరి రోజుల్లో ఫాదర్ గారు ఇంటికొచ్చి, పాపాలు ఒప్పుకో రాయప్పా అంటే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. చావుబతుకుల్లో కూడా దాన్ని వదల్లేకపోయాడే అని, పోయిన రోజున జోజమ్మ కంట తడి పెట్టలేదు.

ఇప్పుడు కొడుకు వాలకం చూస్తే గుట్టంతా తెలిసిపోయినట్టే ఉంది. ఆమె తొడిమలు తుంచడం ఆపింది.

“పేరేంటి ఆమెది?”

కృపానందం తలెత్తాడు. “ఎవరిది?”

“నాకు తెలియదనుకుంటున్నావా? బర్మా మనిషిది. పిల్లలుంటే వాళ్ళ పేర్లూ చెప్పు. రాయి మీద చెక్కిద్దాం.”

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. వేరు వేరు మంచాలు, తండ్రి ఏ మాట అన్నా తల్లి విసురుగా లేచిపోవడం, ఇద్దరి మధ్యా తాను కబుర్లు మోయడం, అన్నీ వాడికి ఒక్కసారిగా అర్థమయ్యాయి.

“ఆడమనిషి ఎవరూ లేరమ్మా,” అన్నాడు మెల్లగా.

జోజమ్మ నమ్మలేదు. లేకపోతే నవ్వుతూ చెప్పేవాడివి, ఈ ఏడుపు మొహమెందుకని నిలదీసింది. వద్దులే అమ్మా, రాయి మీద పేరొక్కటే వేయిద్దాం అని వాడు లేవబోతే చేతిలోని చేట విసిరికొట్టింది. ఇన్నేళ్ళు ఊరిముందు తలొంచుకుని బతికినదాన్ని, నాకు కాకపోతే ఇంకెవరికి చెప్తావంది.

ఇక తప్పక చెప్పాడు. అది ఇద్దరు కూర్చునే విమానం. ముందు పైలట్, వెనక తుపాకీతో రాయప్ప. వెనకవాడు తోక వైపు తిరిగి కూర్చోవాలి. విమానం గద్దలా కిందికి దూకి బాంబు వదిలి మళ్ళీ పైకి లేస్తుంది. లేచేటప్పుడు పైలట్‌కి కనపడేది ఆకాశమే. బాంబు ఎక్కడ పడిందో చూసేది వెనకవాడు. ఒక పొద్దున, శత్రువులు ఏరు దాటుతున్నారని చెప్పి మంచులో పంపించారు.

“అక్కడ సైనికులు లేరటమ్మా. ఏటి ఒడ్డున ఊరివాళ్ళట. ఆడవాళ్ళు, పిల్లలు. నాన్న ఒక్కడే చూశాడు.”

దిగాక ఆ మాటే చెబితే పైవాళ్ళు వినిపించుకోలేదట. బాంబులు ఎక్కించే పనిలో ఉన్న శౌరయ్య అప్పుడు అక్కడే ఉన్నాడట. తర్వాత రాయప్ప దండులోని ఫాదర్ దగ్గర మోకరించాడు. ఇది యుద్ధం, నీ చేత్తో వేసింది కూడా కాదు, ఇందులో పాపం లేదు, క్షమించడానికేమీ లేదు పొమ్మన్నాడు ఆయన.

“పాపమే కాదన్నాక నన్ను క్షమించేదెవరు శౌరీ, క్షమాపణ లేకుండా సత్ప్రసాదానికి నాలుక ఎలా చాచనూ అన్నాడట నాన్న.” కృపానందం చెల్లాచెదురైన మిరపకాయలు ఏరసాగాడు.

ఆడది లేదు. ఆ మాటకు జోజమ్మ గుండె ఒక్క క్షణం తేలికపడింది. ఆ వెంటనే, ఆ తేలికదనానికే సిగ్గేసి, నిలువునా కుంగిపోయింది. ఏ తప్పూ చేయని మనిషిని తన ఇంట్లోనే పరాయివాణ్ణి చేసింది. ఆయన మట్టిలో కలిసిపోయాడు. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పుకోవాలి?

“ఒక్కసారైనా అడగాల్సిందమ్మా,” అన్నాడు కొడుకు. ఆ మాటలో కోపం ఉంది.

ఆమె విసిరికొట్టిన చేటను దగ్గరికి లాక్కుంది.

“చెప్పబోయాడురా నందం. వచ్చిన కొత్తలో, పొయ్యి దగ్గర నా పక్కన కూర్చుని, జోజీ, బర్మాలో ఒకటి జరిగిందే అన్నాడు. మీ పెద్దమ్మ మాటలు అప్పటికే నా చెవిన పడ్డాయి. ఆ పాడు సంగతి నా ముందెత్తితే బావిలో దూకుతానన్నా. లేచి వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ ఎత్తలేదు.”

వెక్కివెక్కి ఏడ్చింది. కారం చేతులతో కళ్ళు తుడుచుకోబోతుంటే కృపానందం ఆ చేతులు పట్టుకుని ఆపి, తన పంచె చెంగుతో తుడిచాడు. తుడుస్తూ తనూ ఏడ్చాడు. కోపం ఎటు పోయిందో పోయింది. తండ్రికి దొరకని ఓదార్పు తల్లికైనా దక్కాలనిపించింది వాడికి.

కాసేపటికి ఆమె గొంతు సవరించుకుంది. సంవత్సరీకం పూజలో మీ నాన్న పేరు చదివాక, ఆయన చూస్తుండగా ఆ ఏటి ఒడ్డున పోయినవాళ్ళ కోసం అని కూడా చదవమని ఫాదర్ గారితో చెప్పమంది.

“ఎవరు వాళ్ళు, ఏంటి కథ అని ఊరంతా అడుగుతారమ్మా.”

“అడగనీరా,” అంది జోజమ్మ. “నేను అడగలేదు.”