పక్క బంటుతో గెలిచిన ఆట

“గుర్రం ముట్టినావు, గుర్రమే ఆడల్ల. ఏమప్పా, రూల్స్ తెలీవా?”

రెండేళ్ల కిందట కర్నూలు చెస్ పోటీలో లేవిని అలా నిలదీసింది కమలాపురం అమ్మాయి స్తుతి. ఆ గుర్రంతో ఆట పోయింది. ఆటతో పాటు ఓర్వకల్లు కుర్రాడు లేవి మనసూ పోయింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఫోన్లో ఆట. ఆట కన్నా మాటలే ఎక్కువ. ఓసారి ఆమే నవ్వుతూ చెప్పింది.

“అందరూ రాజు ముందర బంటు తోస్తారు, దానికి నేను రెడీ. పక్కనుంచి, సీ వరసలో ఉండే బంటుతో మొదలుపెడితే మటుకు నాకు దిక్కు తోచదు. ఎవురికీ చెప్పొద్దు.”

లేవి ఎవరికీ చెప్పలేదు. నెల రోజులు కూర్చుని అదే నేర్చుకున్నాడు.

ఈ మార్చిలో కడప పోటీ చివరి రౌండులో ఇద్దరూ ఎదురుపడ్డారు. మొదటి ఇద్దరికి విజయవాడ ఫైనల్స్‌లో చోటు. డ్రా అయితే ఇద్దరూ వెళ్తారు; స్తుతి ఓడితే మూడో స్థానానికి జారిపోతుంది. లేవికేమో గెలిచి, కప్పు చేతపట్టుకుని ఆమెకు మనసు విప్పాలని ఆశ. తెల్లపావులు అతనివే. సీ-బంటును రెండు గళ్లు తోశాడు.

స్తుతి తలెత్తి చూసింది. అతను బోర్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

పద్దెనిమిదో ఎత్తు దగ్గర ఆమె మెల్లగా అడిగింది. “డ్రానా?”

“ఆడదాం,” అన్నాడు.

మూలనున్న అతని బిషప్ వాలుగా బోర్డంతా దాటి ఆమె ఏనుగును పట్టేసింది. కాసేపటికి స్తుతి ఓటమి ఒప్పుకుని చెయ్యి చాచింది.

కప్పుతో స్తుతి కోసం బస్టాండుకు పరిగెత్తాడు.

“స్తుతీ, నువ్వంటే నాకు శానా ఇష్టం.”

“తెలుసు. నాకూ ఉండె. విజయవాడలో చెప్దామనుకుంటి.”

“మరి...”

“నీకొక్కనికే చెప్పుకున్న భయంతోనే నన్ను కొడితివి. పోనీలే, ఆట ఆటే. డ్రానా అంటి చూడు, ఇద్దరం కల్సి పోదామా అనే అడిగితి లేవీ. నువ్వు ఆడదాం అంటివి.”

కమలాపురం బస్సు వచ్చింది. స్తుతి కిటికీ పక్కన కూర్చుంది గానీ బయటికి చూడలేదు.

విజయవాడలో మొదటి ఆట గెలవగానే అలవాటుగా ఫోన్ తీసి స్తుతికి “గెలిచినా” అని కొట్టాడు. చెరిపేశాడు. “తప్పు నాదే. కమలాపురం రానా?” అని పంపాడు.

తర్వాతి ఆటలన్నీ ఓడిపోయాడు. మూడో రోజు జవాబు వచ్చింది.

“ఇప్పుడొద్దు.”

తిరుగు బస్సులో దారి పొడుగునా ఆ మాటనే చూస్తూ కూర్చున్నాడు. అందులో ‘వద్దు’ కన్నా ‘ఇప్పుడు’నే ఎక్కువసార్లు చదువుకున్నాడు.