పలకల వీధిలో మిగిలిన ఒక్కతె

ప్లేగు వచ్చిన ఏడు, మార్కాపురంలో ఎలుకలు రాలిపడ్డ వారానికే పలకల వీధి ఖాళీ అయింది. అందరినీ ఊరి బయట పొలాల్లో పాకలేసుకొమ్మన్నారు సర్కారు వాళ్ళు. మనిషి చచ్చిపోయిన ఇంటికి తాళం వేసి, తలుపు మీద సున్నంతో ఇంటూ గుర్తు పెట్టారు. శ్రీశైలమ్మ పక్కింటి తలుపు మీదా ఆ గుర్తు పడింది. ఆ ఇంట్లో పోయిన విజయమ్మా, ఈమే పదేళ్ళుగా గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని, కబుర్లాడుకుంటూ బడిపిల్లల రాతి పలకలు నున్నగా రుద్దినవాళ్ళు.

మరిది చెంచయ్య బండి కట్టుకొచ్చాడు. గడప తొక్కకుండా వీధిలోనే నిలబడ్డాడు.

"ఏంది వదినా నీ మొండితనం? అందరూ పోయినారు. బండెక్కు."

"మీ అన్నను పాము కరిచింది పొలం పాకలోనే గదా నాయనా! వైద్యుడి కోసం ఊళ్ళోకి మోసుకొచ్చేలోపలే పాణం పోయింది. ఆ పొద్దే ఒట్టేసుకున్నా. చస్తే ఊళ్ళో చస్తా గానీ, మళ్ళా ఊరి బయట బతకను."

రేపొచ్చి చూస్తానని గొణుక్కుంటూ అతను బండి తోలుకుపోయాడు.

పొద్దు వాలింది. వీధిలో కుక్క కూడా లేదు. చచ్చిన ఎలుకల కంపు ఇంట్లోకి కొడుతోంది. భయంగానే ఉంది, దాచేదేముంది? ఆ భయం మీది కోపంతోనే శ్రీశైలమ్మ పీట వేసుకుని, పలక మీద నీళ్ళు చల్లి, రాయితో రుద్దసాగింది.

సర్... సర్...

చేయి ఆపింది.

చప్పుడు ఆగలేదు.

గోడకు అవతల... తాళం వేసిన ఇంట్లో... ఎవరో పలక రుద్దుతున్నారు.

"శ్రీశైలం..." గోడలోంచి గుసగుస. "నువ్వూ పోతావా?"

విజయమ్మ గొంతే. అయినా శ్రీశైలమ్మ నోరు ఊరుకోలేదు.

"నేనేడికీ పోను. నీ ఇంట్లో నువ్వుండు, నా ఇంట్లో నేనుంటా. గోడ దాటినావంటే మాత్రం మర్యాదగా ఉండదు."

చప్పుడు ఆగింది. గెలిచానని గడియ వేసుకుని పడుకుంది.

"వదినా! బతికే ఉన్నావా?" తెల్లారి వీధిలోంచి చెంచయ్య కేక.

గడియ తీయబోయి ఆగిపోయింది. తలుపు మీద సున్నం గుర్తు. లోపలి వైపు. ఇంకా తడిగా...

గుడ్డ తడిపి కసిగా తుడిచేసింది. "ఉన్నా! ఊళ్ళోనే ఉన్నా! నువ్వు పో!"

బండి కదిలింది. వెనక్కి తిరిగితే, తన పీట పక్కన ఇంకో పీట వేసి ఉంది.

బండి చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. కేకేస్తే ఆగుతాడు. ఆమె కేకెయ్యలేదు. వచ్చి తన పీట మీద కూర్చుని రాయి అందుకుంది.

ఆమె చెయ్యి కదలకముందే, పక్కన... సర్... సర్...